కీలెరిగి కూడు పెట్టాలి

ఎస్. రాయవరం మండలంలో ఒకపక్క చెరకు తోటలు, మరోపక్క రేవుపోలవరం సముద్రం. ఈ ఊళ్లలో కుక్కంటే ఒకప్పుడు అరుగు కింద పడుకుని, మిగిలిన గంజన్నం తిని, యజమాని వెనకాలే పొలానికి నడిచేది. బక్కగా ఉండేది, రోజంతా తిరిగేది. దాని కీళ్ల గురించి ఎవరూ దిగులు పడలేదు. ఇప్పుడు ల్యాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు పల్లెలకూ వచ్చాయి. పిల్లను తెచ్చిన వారంలోనే ఎవరో ఒకరు చెబుతారు, "కాల్షియం సిరప్ పట్టండి, ఎముక గట్టిపడతాది" అని.

పెద్ద జాతి పిల్లకు ఆ సిరప్ మేలు కన్నా కీడే ఎక్కువ చేయొచ్చు. సుమారు ఆరు నెలల లోపు కుక్కపిల్ల పేగులకు కాల్షియాన్ని అదుపు చేసే శక్తి సరిగా ఉండదు. ఎక్కువ పెడితే ఎక్కువే ఒంటికి పడుతుంది. అప్పుడు మృదులాస్థి ఎముకగా మారే క్రమం చెడుతుంది, కాళ్లు వంకర పోతాయి, కీళ్లలో పెచ్చులు లేస్తాయి. నెదర్లాండ్స్‌లో గ్రేట్ డేన్ పిల్లల మీద 1980లలోనే ఈ సంగతి తేల్చారు. సంచిలో వచ్చే పప్పీ ఫుడ్ మంచిదైతే అందులో కావలసినంత కాల్షియం ముందే ఉంటుంది. కొనేటప్పుడు పెద్ద జాతి పిల్లల కోసం చేసినదే అడగండి.

ఇంటి కూడు పెట్టేవాళ్ల లెక్క వేరు. అన్నం, ఎముకల్లేని కోడిమాంసం మాత్రమే తినే పిల్లకు భాస్వరం ఎక్కువై కాల్షియం చాలదు. ఒళ్లు ఆ లోటును ఎముకల్లోంచే తోడుకుంటుంది. చిన్న గెంతుకే కాలు విరిగే పిల్లలు ఇలా తయారవుతాయి. కాబట్టి ఒక ఇంట్లో వద్దన్న కాల్షియమే పక్కింట్లో తప్పనిసరి. ఎంత వేయాలో పిల్ల బరువు, తిండి చూసి పశువైద్యుడు చెప్పాలి, మందుల షాపు కాదు.

వయసు మళ్లిన కుక్క సంగతికొస్తే, నా దృష్టిలో డబ్బా పొడుల కన్నా తూకం యంత్రం గొప్ప మందు. అమెరికాలో 48 ల్యాబ్రడార్ పిల్లలను జంటలుగా విడదీసి, ఒకదానికి పెట్టే దానికన్నా రెండోదానికి పావు వంతు తక్కువ పెడుతూ బతికినంత కాలం గమనించారు. 2002లో వెలువడిన ఫలితాల ప్రకారం బక్కగా పెరిగినవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2. కీళ్లవాతానికి వైద్యం అవసరమైన వయసు కూడా బక్కవాటికి మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఇంత పని చేసే బిళ్ల ఏ కంపెనీ దగ్గరా లేదు. అరచేత్తో పక్కటెముకలు తడిమితే తేలిగ్గా తగలాలి. వెతుక్కోవాల్సి వస్తే అన్నం తగ్గించాల్సిందే, అది తోక ఊపుతూ ఎంత బతిమాలినా సరే.

బాగా అమ్ముడయ్యే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ బిళ్లలు కుక్కల కీళ్ల నొప్పికి పనిచేసిన దాఖలా లేదని 2022లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. ఒమేగా-3 కొవ్వుల మాటే నిలిచింది. ఆ విషయంలో ఈ తీరం వాళ్లు అదృష్టవంతులు. కవళ్లు, కానాగుర్తలు ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి, అన్నంలో కొంచెం కలిపితే చాలు. ఎండుచేప మాత్రం వద్దు, ఉప్పు ఎక్కువ. చేపనూనె వాడదలిస్తే మోతాదు డాక్టర్ని అడగండి. కాడ్ లివర్ ఆయిల్ దానికి బదులు కాదు, అందులోని ఎ, డి విటమిన్లు మితిమీరితే హాని.

నున్నటి టైల్స్ మీద ముసలి కుక్క జారుతుంటే గోనెపట్టా పరవండి. రోజూ కాసేపు మెల్లగా నడిపించండి. అది కుంటుతోందని ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ మాత్రలు మాత్రం వేయకండి. మనకు నొప్పి తగ్గించే మాత్రలు దాని కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలనో కాలేయాన్నో పాడు చేస్తాయి. దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకెళ్లండి, ముందు తూకం వేయించండి.