ఓటు చీలునను భయము: 1969 రాష్ట్రపతి ఎన్నిక

జహీరాబాదునకు చేరువనున్న ఝరాసంగం, కేతకీ సంగమేశ్వరస్వామి ఆలయమువలన ప్రసిద్ధి గాంచిన గ్రామము. కర్ణాటక సరిహద్దు అక్కడికి దూరము కాదు. ఆ ప్రాంతపు శ్రోతలతో ముచ్చటించు సందర్భమున ఒక వృద్ధుడు మమ్ములను అడిగిన ప్రశ్నయే నేటి ప్రసంగమునకు మూలము. “రాష్ట్రపతి ఎలక్షన్ల ఓట్లు చీలినయని అంటుంటరు గద సారూ, మేమైతే ఏనాడూ ఆయనకు ఓటెయ్యకపోతిమి. మరి చీలిన ఓట్లు ఎవరియి?” అని వారు అడిగిరి. ప్రశ్న చిన్నదే గాని, దానికి సరియైన సమాధానము చెప్పవలెనన్న ఇద్దరు తెలుగువారు ఒకరితో ఒకరు తలపడిన 1969 నాటి ఎన్నిక కథను విప్పక తప్పదు.

రాజ్యాంగము ప్రకారము రాష్ట్రపతిని ఎన్నుకొనువారు పార్లమెంటు ఉభయ సభలలోను, రాష్ట్రముల శాసనసభలలోను ప్రజల చేతనో, ప్రజాప్రతినిధుల చేతనో ఎన్నికైన సభ్యులు. నామనిర్దేశము వలన సభ్యులైనవారికి ఈ ఓటు లేదు. శాసనమండలి సభ్యులకును లేదు. కనుక ఝరాసంగం గ్రామస్థుని పక్షమున నేడు జహీరాబాదు శాసనసభ్యుడును, జహీరాబాదు లోక్‌సభ సభ్యుడును ఓటు వేయుదురు. అయితే శాసనసభ్యుని ఓటు ఒక్కటిగా లెక్కకు రాదు. రాష్ట్ర జనసంఖ్యను ఎన్నికైన శాసనసభా స్థానముల సంఖ్యచే భాగించి, వచ్చిన దానిని మరల వేయిచే భాగింపగా తేలునదే ఒక్కొక్క సభ్యుని ఓటు విలువ. 1961 నాటి లెక్కలలో ఆంధ్రప్రదేశ్ జనసంఖ్య 3,59,83,447. 1969లో శాసనసభా స్థానములు 287. ఆ లెక్కన నాటి మన శాసనసభ్యుని ఓటు విలువ 125. పార్లమెంటు సభ్యునిది 576. 2022 ఎన్నికలో తెలంగాణ శాసనసభ్యుని ఓటు విలువ 132 గా నుండెను. దానికి ఆధారము 1971 నాటి జనసంఖ్య.

బ్యాలెటు పత్రము మీదను ముద్ర వేయుట లేదు. అభ్యర్థుల పేర్ల కెదుట 1, 2, 3 అని అంకెలు వేయవలెను. మొదటి ప్రాధాన్యము తప్పనిసరి. తక్కినవి ఓటరు ఇష్టము. చెల్లిన ఓట్లలో సగమునకు మించి పొందిన వ్యక్తి గెలుచును. ఎవ్వరికిని అన్ని ఓట్లు రానిచో, అందరికంటె వెనుకబడిన అభ్యర్థిని తొలగించి, ఆ పత్రములపై 2 అను అంకె ఎవరి పేరు కెదుట నున్నదో వారికి వానిని బదిలీ చేయుదురు. సంతకు పోవు వానితో “తెల్లజొన్నలు తెమ్ము, అవి లేనిచో పచ్చజొన్నలు తెమ్ము” అని చెప్పి పంపుటవంటిది ఇది. ఆ రెండవ మాట చెప్పనిచో, తెల్లజొన్నలు దొరకని నాడు సంచి ఖాళీగా తిరిగివచ్చును.

ఈ రెండవ మాటకు చోటులేని ఎన్నికలలో చీలిక ఎంత పని చేయగలదో 1912లో అమెరికా చూచినది. రిపబ్లికన్ పక్షము అధ్యక్షుడు టాఫ్టు వెంట కొంతయు, మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు వెంట కొంతయు పోయెను. వారిరువురికి వచ్చిన ప్రజల ఓట్లను కలిపినచో నూటికి 50 దాటును. అయినను నూటికి 42 కూడ నిండని వుడ్రో విల్సన్ అధ్యక్షుడయ్యెను. మన రాజ్యాంగ నిర్మాతలు ప్రాధాన్యపు ఓటును నియమించుటచేత ఇట్టి విపరీతము ఇచ్చట జరుగుట కష్టము. కష్టమే గాని అసంభవము కాదు.

ఇక 1969 సంగతి. నాటి పత్రికలు మితవాదులని వ్యవహరించినవారిలో ముఖ్యులు స్వతంత్ర పక్షమువారు. 1959లో రాజాజీ, మన ఆచార్య రంగా మొదలగువారు ఆ పక్షమును స్థాపించిరి. రైతు భూమి రైతు చేతనే యుండవలెను, వ్యాపారముపై ప్రభుత్వపు పట్టు సడలవలెను అనునవి వారి వాదములు. 1967 లోక్‌సభలో వారికి 44 స్థానములు, జనసంఘమునకు 35 స్థానములు లభించెను. అదే యేడు రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షములు చాలవరకు ఏకమై, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసివచ్చిన శ్రీ కోకా సుబ్బారావును నిలిపినవి. పార్లమెంటు సైతము ప్రాథమిక హక్కులను తగ్గింపరాదని గోలక్‌నాథ్ వ్యాజ్యమున తీర్పు చెప్పిన ధర్మాసనమునకు వారు పెద్ద. ఆస్తిహక్కు కూడ నాడు ప్రాథమిక హక్కే గనుక మితవాదులకు అంతకంటె ప్రీతిపాత్రుడైన అభ్యర్థి దొరకడు. వారి ఓటు ఆ యేట చీలలేదు. అయినను డాక్టర్ జాకిర్ హుస్సేన్‌కు 4,71,244, శ్రీ సుబ్బారావుకు 3,63,971 వచ్చినవి. కాంగ్రెసు ఓటు కదలనిదే తమ ఐక్యత చాలదని వారికి నాడు బోధపడియుండవలెను.

1969 మే 3న జాకిర్ హుస్సేన్ మరణించుటతో కదలనిది కదలెను. బెంగుళూరులో కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు ఎదుట ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ శ్రీ జగ్‌జీవన్ రామ్ పేరును సూచించిరి. సిండికేటు అని పేరుబడిన పెద్దలు లోక్‌సభ స్పీకరు శ్రీ నీలం సంజీవరెడ్డి పేరును నెగ్గించిరి. జులై 19న 14 బ్యాంకులు జాతీయము చేయబడినవి. మరునాడు ఉపరాష్ట్రపతి శ్రీ వి. వి. గిరి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచిరి. సంజీవరెడ్డి నామపత్రమును ప్రతిపాదించుచు సంతకము చేసిన శ్రీమతి గాంధీయే, చివరకు ఆత్మప్రబోధము ననుసరించి ఓటు వేయుడని సభ్యులకు చెప్పిరి. ఆ మాటకు అర్థమేమో ఎవరికిని వివరింప నక్కరలేకపోయెను.

స్వతంత్ర పక్షము, జనసంఘము మరియొక అభ్యర్థిగా శ్రీ చింతామణి దేశ్‌ముఖ్‌ను నిలిపినవి. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, మాజీ ఆర్థికమంత్రి. రాజమహేంద్రవరపు ఆడపడుచు శ్రీమతి దుర్గాబాయికి భర్త గనుక మనకు అల్లుడు. బరంపురమున పుట్టిన గిరి, అనంతపురం జిల్లా ఇల్లూరున పుట్టిన సంజీవరెడ్డి, ఆంధ్రుల అల్లుడు దేశ్‌ముఖ్ — ముగ్గురు ప్రధాన అభ్యర్థులకును తెలుగుతో చుట్టరికము గల ఎన్నిక మరియొకటి లేదు.

మితవాదుల చింత ఇక్కడనే మొదలయ్యెను. గిరికి ఇందిరాగాంధీ వర్గము, కమ్యూనిస్టులు, ద్రావిడ మున్నేట్ర కళగము అండగా నిలిచినవి. ఆయన గెలిచినచో ప్రధాని బలపడును, బ్యాంకుల తరువాత మరేమి జాతీయమగునో తెలియదు. సంజీవరెడ్డిని గెలిపించినచో సిండికేటు నిలుచును. కాని కాంగ్రెసు అభ్యర్థికి మొదటి ఓటు వేసినచో తమ పక్షము ప్రత్యేకముగా ఉండుట ఎందులకు? (సంజీవరెడ్డిని మితవాది యనుట కూడ కొంత విచిత్రమే. కర్నూలు ప్రాంతపు బస్సు మార్గముల జాతీయకరణముపై సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల కారణముగా 1964లో ముఖ్యమంత్రి పదవిని విడిచిన వ్యక్తి ఆయన!) ఈ చిక్కునకు వారు కనిపెట్టిన ఉపాయము: మొదటి ప్రాధాన్యము దేశ్‌ముఖ్‌కు, రెండవది సంజీవరెడ్డికి. ఓటు చీలినట్లుండును, చీలదు. కాంగ్రెసు అధ్యక్షుడు శ్రీ నిజలింగప్ప స్వయముగా ఆ పక్షముల నాయకులను కలిసి రెండవ ప్రాధాన్యములను కోరిరి.

కాగితము మీద ఈ ఉపాయమున లోపము లేదు. లోపము రాజకీయమునది. నిజలింగప్ప ఆ నాయకులను కలిసిన వార్త పొక్కగనే శ్రీ జగ్‌జీవన్ రామ్, శ్రీ ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్ సంజాయిషీ కోరుచు ఆయనకు లేఖ వ్రాసిరి. మతవాదులతోను, ధనికుల పక్షముతోను చేతులు కలిపిన అభ్యర్థికి ఓటు వేయుమని మమ్ముల నడుగుదురా, అని కాంగ్రెసు సభ్యులు ధైర్యముగా పలుకుటకు వీలు దొరకెను. ఆత్మప్రబోధమను మాటకు అంతవరకు లేని ఆధారము అప్పుడు ఏర్పడెను.

ఆగస్టు 16న ఓటింగు, 20న లెక్కింపు. బరిలో నున్నవారు 15 మంది. చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలుపునకు కావలసినవి 4,18,169. తొలి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చినవి. తక్కిన వారందరికి కలిపి 8,505. వారిలో ఇద్దరికి చెరి 125 మాత్రమే వచ్చినవి. నాటి మన శాసనసభ్యుడొకని ఓటు అంతటిదే. ఎవ్వరును హద్దు దాటకపోవుటచే రెండవ ప్రాధాన్యములు విప్పవలసివచ్చెను. మన దేశమున 2022 వరకు జరిగిన రాష్ట్రపతి ఎన్నికలలో ఫలితము తేలుటకు ఇట్టి అవసరము కలిగినది ఇదొక్కసారియే.

శ్రోతలు కాగితము, కలము దగ్గర నుంచుకొన్నచో ఇప్పటి లెక్కలు సులభముగా పట్టుబడును. సంజీవరెడ్డి, దేశ్‌ముఖ్‌ల తొలి ఓట్లను కలిపినచో 4,26,317. అనగా గెలుపు హద్దుకంటె 8,148 అధికము. దేశ్‌ముఖ్ పత్రములన్నియు సంజీవరెడ్డికి చేరినచో ఆయనయే రాష్ట్రపతి. కాని బదిలీలు ముగియునప్పటికి ఆయనకు చేరిన అదనపు ఓట్లు, చిల్లర అభ్యర్థులవి కూడ కలుపుకొని, 91,879 మాత్రమే. కనుక దేశ్‌ముఖ్ ఓట్లలో తక్కువలో తక్కువ 20,890 సంజీవరెడ్డి కడకు రాలేదు. బదిలీలలో 18,562 గిరికి పోయినవి. 10,833 ఎవరికిని చేరక ఖాళీ సంచులవలె మిగిలినవి. తుది లెక్క: గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. గిరి హద్దును దాటినది 1,908 ఓట్లతో; మన శాసనసభ్యులు పదునారుగురి విలువ! 13 మంది పార్లమెంటు సభ్యులు అటునుండి ఇటు మారినచో ఫలితము తలక్రిందులయ్యెడిది.

అయినచో మితవాదుల భయమే నిజమైనదా? అంకగణితము ప్రకారము నిజమే. దేశ్‌ముఖ్‌ను నిలుపక యుండినచో గెలుపు తమదే యని తరువాత వగచుటకు వారికి వీలున్నది. మేము మాత్రము అంతటితో ఒప్పుకొనజాలము. మొదటి కారణము, దేశ్‌ముఖ్‌కు ఓటు వేసిన వారందరును సంజీవరెడ్డికి వేయ సిద్ధపడినవారు కారు. ఆయన లేనిచో వారిలో కొందరు నేరుగా గిరికే వేసియుందురు. రెండవది ఇంతకంటె పెద్దది. రెండేండ్ల క్రితము కాంగ్రెసు అభ్యర్థికి 4,71,244 ఓట్లు వచ్చెను. ఇప్పుడు కాంగ్రెసు అభ్యర్థికి తొలి లెక్కలో 3,13,548. నడుమ 1969 ఫిబ్రవరిలో కొన్ని రాష్ట్రములలో మధ్యంతర ఎన్నికలు జరిగినవి గనుక ఈ పోలిక ఖచ్చితమైనది కాదు. అయినను లక్షన్నరకు పైబడిన తగ్గుదలను అవి మాత్రమే వివరింపజాలవు. మితవాదులు, సిండికేటు పెద్దలు ఇరువది వేల ఓట్లు జారిపోకుండ రెండవ ప్రాధాన్యములకు కాపలా కాయుచుండగా, మొదటి ప్రాధాన్యములు గుంపులుగా తరలిపోయెను. చెరువు తూమునొద్ద కారు నీటిని చూచుచు కట్ట తెగిన సంగతి గమనింపనట్లయినది. పైగా, కట్ట తెగుటకు ఆ తూమునొద్ద చేసిన మరమ్మతే కొంత కారణము. నిజలింగప్ప రెండవ ఓట్లకై పోకయుండినచో ఎందరు కాంగ్రెసువారు నిలిచెడివారో ఏ పత్రమును చెప్పదు, ఓటు రహస్యము. కాని ఆ ప్రయత్నము సంజీవరెడ్డికి తెచ్చిన దానికంటె పోగొట్టినదే హెచ్చని మా అభిప్రాయము.

గిరి ఆగస్టు 24న ప్రమాణము చేసిరి. ఎన్నిక చెల్లదను వ్యాజ్యమున ఆయన స్వయముగా సుప్రీంకోర్టుకు పోయి సాక్ష్యమిచ్చిరి; 1970లో ఆ వ్యాజ్యము కొట్టివేయబడెను. నవంబరులో ఇందిరాగాంధీని కాంగ్రెసునుండి బహిష్కరించుటతో పక్షము రెండుగా చీలెను. 1974లో చట్టమును సవరించి, రాష్ట్రపతి అభ్యర్థిని పదిమంది సభ్యులు ప్రతిపాదించి, పదిమంది బలపరుపవలెనని నియమించిరి. నేడు ఆ సంఖ్య ఏబదేసి. పదునైదుగురు నిలిచి ఆరుగురికి నూరు ఓట్లయినను రాని బాధ దానితో తగ్గెను.

సంజాయిషీ కోరిన ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్ 1974లో రాష్ట్రపతియై, 1977 ఫిబ్రవరిలో మరణించిరి. అప్పటికి స్వతంత్ర పక్షము భారతీయ లోకదళములో కలిసిపోయియుండెను. అదియు, జనసంఘము, సిండికేటు కాంగ్రెసు జనతా పక్షముగా ఏకమైనవి. ఆ యేటి లోక్‌సభ ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌నుండి జనతా పక్షమున గెలిచిన ఒకే ఒక్కరు నంద్యాల అభ్యర్థి శ్రీ నీలం సంజీవరెడ్డి. రాష్ట్రపతి పదవికి 37 మంది నామపత్రములు వేయగా 36 చెల్లలేదు. సంజీవరెడ్డి ఏకగ్రీవముగా ఎన్నికై జులై 25న ప్రమాణము చేసిరి. ఆ సారి ఎంచుటకు మొదటి ప్రాధాన్యములును లేవు, రెండవవియు లేవు.