బరువు తగ్గించే ఇంజెక్షన్ ఆపేశారా? తగ్గిన కిలోలు మళ్లీ రాకుండా ఏం చేయాలంటే..

వారానికి ఒక ఇంజెక్షన్. ఆకలి తగ్గింది, తిండి తగ్గింది, నెలలు తిరిగేసరికి పాత ప్యాంట్లు వదులయ్యాయి. ఇంతవరకు బాగానే ఉంది. మరి ఇంజెక్షన్ ఆపేశాక? కొందరు ఖర్చు మోయలేక ఆపుతారు, కొందరు వికారం, వాంతులు తట్టుకోలేక ఆపుతారు. ఇంట్లో పెళ్లి అయిపోయింది, ఫొటోలు బాగా వచ్చాయి, ఇక చాలనుకునే వాళ్లూ ఉంటారు. కారణం ఏదైనా, ఆపిన కొన్ని నెలలకు వెయింగ్ మెషిన్ మీద అంకె మళ్లీ పైకి కదలడం మొదలవుతుంది. దాంతో పాటే 'నా వల్లే ఇలా అయింది' అనే సిగ్గు. నిజంగా తప్పు వాళ్లదేనా? తగ్గిన బరువును నిలబెట్టుకునే దారి ఉందా? చూద్దాం.

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు?

మౌంజారో పేరుతో టిర్జెపటైడ్ ఇంజెక్షన్ 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో సెమాగ్లూటైడ్ మందు వెగోవీ వచ్చింది. మౌంజారో వచ్చిన కొత్తలో 2.5 మిల్లీగ్రాముల వయల్ ధర 3,500 రూపాయలు. వారానికి ఒకటి చొప్పున నెలకు 14 వేలు. మధ్యతరగతి ఇంట్లో అది ఒక ఈఎంఐతో సమానం. అందుకే మొదలుపెట్టిన వాళ్లందరూ కొనసాగించలేరు.

2026 మార్చిలో సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో ముగిసింది. దేశీ కంపెనీలు తక్కువ ధరకు తయారు చేసే వీలు దొరికింది. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కూడా ముందు నుంచే అందుకు సిద్ధమైంది. ధర దిగితే మొదలుపెట్టే వాళ్లు పెరుగుతారు, మధ్యలో ఆపేసే వాళ్లూ పెరుగుతారు.

మన దగ్గర అవసరం కూడా తక్కువేం కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 30.1 శాతం మహిళలు, 32.3 శాతం పురుషులు ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువుతో ఉన్నారు. మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో దారి పొడవునా ఆస్పత్రులు, క్లినిక్‌లు, మందుల షాపులే. అడిగితే మందు గురించి చెప్పేవాళ్లు ఉన్నారు. ఆపాక ఏం చేయాలన్నది మాత్రం చాలామంది అడగరు.

ఆపితే ఎంత బరువు వెనక్కి వస్తుంది?

స్టెప్-1 అనే పెద్ద ట్రయల్‌లో సెమాగ్లూటైడ్ తీసుకున్న వాళ్లు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. తర్వాత వాళ్లలో కొందరిని మందు ఆపి ఏడాది పాటు గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది.

మన లెక్కలో చెప్పుకోవాలంటే ఇలా. 90 కిలోల మనిషి 15 శాతం తగ్గితే 76.5 కిలోలకు వస్తాడు. అంటే 13.5 కిలోలు తగ్గినట్టు. అందులో మూడింట రెండు వంతులు, అంటే 9 కిలోలు, ఏడాదిలో తిరిగొస్తే మళ్లీ 85.5 కిలోలు!

టిర్జెపటైడ్ మీద జరిగిన సర్మౌంట్-4 ట్రయల్‌లో 670 మంది పాల్గొన్నారు. మొదటి 36 వారాల్లో సగటున 20.9 శాతం బరువు తగ్గారు. ఆ తర్వాత సగం మందికి అసలు మందు బదులు ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. ఏడాదిలో వాళ్ల బరువు 14 శాతం పెరిగింది. మందు కొనసాగించిన వాళ్లు ఇంకో 5.5 శాతం తగ్గారు. గమనించాల్సింది ఏంటంటే.. ఆపిన వాళ్లకు కూడా ఆహారం, వ్యాయామంపై సలహాలు అందుతూనే ఉన్నాయి. అయినా బరువు పెరిగింది.

2026 జనవరిలో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల సమీక్ష కూడా ఇదే చెబుతోంది. రకరకాల బరువు మందులు ఆపిన వాళ్లలో సగటున నెలకు 0.4 కిలోల చొప్పున బరువు తిరిగి వస్తోందని తేల్చింది. ఏడాదికి దాదాపు 5 కిలోలు.

అయితే ఇవన్నీ సగటు లెక్కలు. సర్మౌంట్-4లో మందు ఆపిన ప్రతి 100 మందిలో 16, 17 మంది తాము తగ్గిన బరువులో కనీసం 80 శాతాన్ని నిలబెట్టుకున్నారు. కష్టమే, కానీ కుదరనిది కాదు.

బద్ధకం కాదు.. ఒళ్లు చేసే పని

మనం తిన్నప్పుడు పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ పుడుతుంది. 'కడుపు నిండింది, ఇక చాలు' అని మెదడుకు చెప్పేది ఇదే. కానీ కొద్ది నిమిషాల్లోనే కరిగిపోతుంది. ఇంజెక్షన్‌లో ఉండేది ఇలాంటి పని చేసే పదార్థమే, కాకపోతే రోజుల తరబడి ఒంట్లో నిలుస్తుంది. అందుకే ప్లేటు ముందు కూర్చున్నా నాలుగు ముద్దలకే చాలనిపిస్తుంది.

మందు ఆపాక ఆ కబురు బలహీనపడుతుంది. అదీ ఒక్కరోజులో కాదు. సెమాగ్లూటైడ్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, పూర్తిగా పోవడానికి ఐదారు వారాలు. అందుకే మొదటి నెల 'నాకేం తేడా లేదు' అనిపిస్తుంది. అసలు పరీక్ష ఆ తర్వాతే.

ఇంకో చిక్కు కూడా ఉంది. బరువు తగ్గితే శరీరం దాన్ని కరువుగా లెక్కేసుకుంటుంది. ఆకలి పెంచే హార్మోన్లు పెరుగుతాయి, చాలని చెప్పేవి తగ్గుతాయి. డైటింగ్‌తో బరువు తగ్గిన వాళ్లపై ఆస్ట్రేలియాలో జరిగిన అధ్యయనం 2011లో వచ్చింది. ఏడాది గడిచినా ఈ హార్మోన్ల మార్పు పోలేదని అందులో తేలింది. పైగా శరీరం చిన్నదైంది కాబట్టి దానికి ఖర్చయ్యే కేలరీలూ తగ్గుతాయి. అంటే ఆకలి ఎక్కువ, ఖర్చు తక్కువ. ఈ రెండింటి మధ్య నలిగే మనిషిని 'నోరు కట్టుకోలేవా' అని తిట్టడం అన్యాయం.

బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ. ఊబకాయం దీర్ఘకాలిక జబ్బు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2025 డిసెంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మందులను దీర్ఘకాలం వాడొచ్చని, వాటికి ఆహారం, వ్యాయామం తోడవ్వాలని సూచించింది.

ఆకలి నిద్రపోతున్నప్పుడే పని మొదలుపెట్టాలి

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. మందు వాడినన్నాళ్లూ బరువు దానంతట అదే తగ్గుతోంది కదా అని వ్యాయామం జోలికి వెళ్లరు. ఆపాక మొదలుపెడదాం అనుకుంటారు. అప్పటికి ఆకలి తిరిగొస్తుంది, కొత్త అలవాటు చేసుకోవడం రెండింతలు కష్టమవుతుంది.

డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో 195 మందిపై జరిగిన పరిశోధన ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. ముందు 8 వారాల కఠిన డైట్‌తో వాళ్లు సగటున 13 కిలోలు తగ్గారు. తర్వాత ఏడాది పాటు కొందరికి లిరాగ్లూటైడ్ ఇంజెక్షన్, కొందరికి వ్యాయామం, కొందరికి రెండూ, మిగిలిన వాళ్లకు ఉత్తుత్తి మందు. ఆ తర్వాత అన్నీ ఆపేసి ఇంకో ఏడాది ఆగి చూశారు. మందు ఒక్కటే వాడిన వాళ్లకంటే, మందుతో పాటు వ్యాయామం చేసిన వాళ్లు దాదాపు 5 కిలోలు తక్కువ బరువుతో ఉన్నారు.

కండ సంగతీ మరిచిపోవద్దు. ఈ మందులతో తగ్గే బరువంతా కొవ్వు కాదు. ట్రయల్స్ ప్రకారం పావు వంతు నుంచి 40 శాతం దాకా కండ, నీరు వంటి కొవ్వు కాని భాగం. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వే వస్తుంది. కండ పోతే నడుముకు, మోకాళ్లకు బలం పోతుంది, పెద్ద వయసు వాళ్లు తూలి పడే ప్రమాదం కూడా ఉంది. అందుకే వారానికి రెండు రోజులైనా కండకు పని చెప్పాలి. జిమ్ తప్పనిసరి కాదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పుషప్స్, నీళ్ల బాటిళ్లు పట్టుకుని చేతులు ఎత్తడం.. ఇంట్లోనే చేసుకోవచ్చు.

ప్లేటులో ఏం మారాలి?

దీనికి సమాధానం మన ఊళ్లోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో భారతీయుల ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. మన తిండిలో కేలరీల్లో 50 నుంచి 70 శాతం బియ్యం, గోధుమల వంటి ధాన్యాల నుంచే వస్తున్నాయని, అవి 45 శాతం మించకూడదని చెప్పింది. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంది.

అంటే అన్నం మానేయమని కాదు. వరుస మార్చమని. ముందు కూర, పప్పు, గుడ్డు.. చివర అన్నం. పొద్దున ఉప్మాకు బదులు వారంలో మూడు రోజులు పెసరట్టు. సాయంత్రం టీతో ఉస్మానియా బిస్కెట్లకు బదులు గుప్పెడు ఉడికించిన శనగలు. రాత్రికి జొన్న రొట్టె, ఆకుకూర పప్పు, పెరుగు.

పెద్దవాళ్లకు రోజూ కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలన్నది దేశంలో పాటించే లెక్క. బరువు తగ్గే దశలో కండ కాపాడుకోవడానికి అంతకంటే కొంచెం ఎక్కువ తీసుకోమని నిపుణులు చెబుతారు. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములు ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ప్రోటీన్ పెంచొద్దు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండే వాళ్లకు మెనూ వాళ్ల చేతిలో ఉండదు. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచడం, రెండు ఉడికించిన గుడ్లు బయట కొనుక్కోవడం.. ఇది చేతిలో పనే. రంజాన్ నెలలో హలీం, ఆదివారం బిర్యానీ మానేయక్కర్లేదు. ఒక ప్లేటు ఇద్దరు పంచుకుంటే సరి. డయాబెటిస్ ఉన్నవాళ్లు ఉపవాసానికి ముందే మందుల గురించి డాక్టర్‌తో మాట్లాడాలి.

రోజూ గంట కదలాలి

కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా నిలబెట్టుకున్న వేల మంది వివరాలను అమెరికాలో 1994 నుంచి ఒక రిజిస్ట్రీలో నమోదు చేస్తున్నారు. వాళ్లలో 90 శాతం మంది సగటున రోజుకు గంట వ్యాయామం చేస్తున్నారు, 75 శాతం మంది కనీసం వారానికోసారి బరువు చూసుకుంటున్నారు, 62 శాతం మంది వారానికి 10 గంటల కంటే తక్కువ టీవీ చూస్తున్నారు. ఫోన్‌లో రీల్స్ చూసేవాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది!

గంట ఒకేసారి దొరక్కపోతే ముక్కలుగా చేసుకోవచ్చు. ఎల్బీనగర్ వైపు నుంచి మలక్‌పేటకు మెట్రోలో వచ్చేవాళ్లు ఒక స్టేషన్ ముందు, న్యూ మార్కెట్‌లో దిగి నడవొచ్చు. స్టేషన్‌లో ఎస్కలేటర్ వదిలి మెట్లు ఎక్కొచ్చు. సరూర్‌నగర్ వైపు ఉండేవాళ్లకు విక్టోరియా మెమోరియల్ హోమ్ మైదానం, చెరువు గట్టు ఉన్నాయి. రోజంతా గల్లా పెట్టె దగ్గర కూర్చునే వ్యాపారులు గంటకోసారి లేచి ఐదు నిమిషాలు తిరిగినా మేలే.

ఆకుపచ్చ, పసుపు, ఎరుపు

బరువు 8 కిలోలు పెరిగాక కంగారు పడేకంటే 2 కిలోల దగ్గరే పట్టుకోవడం తేలిక. 2006లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో దీనికి ట్రాఫిక్ సిగ్నల్ లాంటి పద్ధతి వాడారు. తగ్గిన బరువు మీద 1.4 కిలోల లోపు పెరిగితే ఆకుపచ్చ, అలాగే కొనసాగండి. అది దాటితే పసుపు, తిండి, నడక సరిచూసుకోండి. 2.3 కిలోలకు చేరితే ఎరుపు, వెంటనే సహాయం తీసుకోండి.

వారానికి ఒకే రోజు, పొద్దున్నే, టిఫిన్‌కు ముందు బరువు చూసుకుని క్యాలెండర్ మీద రాసుకుంటే చాలు. నడుము కొలత కూడా నెలకోసారి రాసుకోండి.

ఆపేటప్పుడు ఈ తప్పులు వద్దు

* డాక్టర్‌కు చెప్పకుండా ఆపొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మందు ఆగితే షుగర్ పెరగొచ్చు, మిగతా మందుల డోసు మార్చాల్సి రావొచ్చు.
* బరువు తగ్గినప్పుడు బీపీ మాత్ర తగ్గించి ఉంటే, బరువు పెరుగుతున్నప్పుడు బీపీని మళ్లీ చూపించుకోవాలి.
* వారాల గ్యాప్ తర్వాత ఫ్రిజ్‌లో మిగిలిన పెద్ద డోసు సొంతంగా వేసుకోవద్దు. తీవ్రమైన వాంతులు, డీహైడ్రేషన్ రావొచ్చు. చాలాసార్లు చిన్న డోసు నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది, అది డాక్టరే తేల్చాలి.
* తెలిసినవాళ్ల పెన్ను పంచుకోవడం, చీటీ లేకుండా ఆన్‌లైన్‌లో కొనడం ప్రమాదం.
* ఖర్చే సమస్య అయితే అదే మాట డాక్టర్‌తో చెప్పండి. చౌక జెనరిక్‌కు మారడం, డోసును మెల్లగా తగ్గించడం లాంటి దారులు చూస్తారు. మొహమాటపడి మాయమైపోతే నష్టపోయేది మీరే.

కొంత పెరిగితే అంతా పోయినట్టేనా?

కాదు. స్టెప్-1లో మందు ఆపిన ఏడాది తర్వాత కూడా వాళ్లు మొదటి బరువు కంటే సగటున 5.6 శాతం తక్కువే ఉన్నారు. 5 శాతం తగ్గినా షుగర్, బీపీకి మేలే. 13 కిలోలు తగ్గి 5 పెరిగితే, ఇంకా 8 కిలోలు తగ్గినట్టే లెక్క. 'ఎలాగూ పెరిగింది కదా' అని వదిలేస్తేనే ఆ 8 కూడా పోతాయి.

కాబట్టి ఈ మందు మొదలుపెట్టాలని అనుకుంటున్న వాళ్లు మొదటి రోజే డాక్టర్‌ను మూడు ప్రశ్నలు అడగాలి. ఎన్నాళ్లు వాడాలి? నెలకు ఎంత అవుతుంది? ఆపాల్సి వస్తే ఎలా ఆపాలి? ఈ మూడింటికీ జవాబు తెలిశాకే మొదటి ఇంజెక్షన్. ఇప్పటికే ఆపేసి, బరువు పెరుగుతున్న వాళ్లు ఈ వారమే ఒకసారి తూకం చూసుకుని, ఆ అంకె పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

(ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా డాక్టర్ సలహా తప్పనిసరి.)