బావిలో చేరిన నక్షత్ర విషం

అమెరికా రచయిత లవ్‌క్రాఫ్ట్ 1927లో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రికలో ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’ అనే కథ అచ్చేయించాడు. నేహమ్ గార్డ్‌నర్ అనే రైతు బావి పక్కన ఉల్క పడుతుంది. అందులోంచి పేరు పెట్టలేని రంగొకటి బావిలో చేరుతుంది. ఆ ఏడు పళ్లు నిగనిగలాడుతూ విరగగాస్తాయి, కొరికితే చేదు. తర్వాత గొడ్లు, ఆ పైన మనుషులు బూడిదరంగుకు తిరిగి పొడిపొడిగా రాలిపోతారు. దయ్యానికైతే మన మీద కోపమో కోరికో ఉంటుంది, శాంతి చేయించుకోవచ్చు. ఈ వచ్చినదానికి మనిషి ఉన్నాడన్న ధ్యాసే లేదు. విశ్వభీతి (కాస్మిక్ హారర్) కథల కీలకం అదే.

లవ్‌క్రాఫ్ట్ 1937లో చనిపోయాడు. సరిగ్గా ఆ ఏడాదే మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఒక వింత జబ్బు గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లావే. 1970లో ప్రకాశం జిల్లాలో కలిశాయి. దర్శి వైపు రైతులు మొదట ఎద్దుల్లోనే తేడా కనిపెట్టారని వైద్య గ్రంథాలు చెబుతాయి. కీళ్లు పట్టేసి అవి అరక లాగలేకపోయేవి. మనుషుల సంగతి తర్వాత బయటపడింది. పిల్లలకు గారపళ్లు, పెద్దలకు కర్రలా బిగుసుకుపోయిన వెన్ను. ముందు గొడ్లు, తర్వాత మనుషులు. కథలోనూ ఇదే వరస.

కారణం ఫ్లోరైడ్. ఇక్కడి నేల అడుగున ఉన్న గ్రానైటు జాతి రాళ్లలో అది సహజంగానే ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీళ్లు రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. నీటిలో సున్నం తక్కువై క్షారగుణం ఎక్కువైన చోట ఇంకా తేలిగ్గా కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. లవ్‌క్రాఫ్ట్ విషానికి రంగన్నా ఉంది, దీనికి రంగు, వాసన, రుచి ఏమీ లేవు. కాచినా పోదు సరికదా, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. పైగా ఇదీ ఆకాశం నుంచి వచ్చినదే. ఫ్లోరిన్ పరమాణువులు పుట్టింది సూర్యుడికంటే ముందటి నక్షత్రాల్లో. అవే భూమి రాళ్లలో ఇమిడిపోయాయి.

ఎముకల్లో పేరుకునే ఈ విషం, సరైన తిండి లేని పిల్లల కాళ్లను మరీ దారుణంగా వంచుతుంది. మోకాళ్లు లోపలికి ఒరిగి ఒకదానికొకటి తగిలే ఈ లక్షణం గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో ‘లాన్సెట్’లో రాశారు.

కథలో పండితులు ఆ రంగును ఎన్ని పరీక్షలు చేసినా అదేమిటో తేల్చలేకపోతారు. ఇక్కడ పేరు 1937లోనే తెలిసింది. తెలిశాక కూడా తరాల తరబడి జనం ఆ నీళ్లే తాగారు, ఇంకో నీళ్లు లేక. కథలో వేరే బావి తవ్వుకోమని పొరుగువాడు చెప్పినా గార్డ్‌నర్ కుటుంబం ఆ నీళ్లనే వాడుతుంది. వాళ్లది మతి చెదిరిన మొద్దుబారుతనం, వీళ్లది గత్యంతరం లేకపోవడం. భయం కలిగించాల్సింది ఈ రెండోదే.

ఈ గత్యంతరం లేనితనాన్ని సినిమా కూడా చూపించింది. 2024లో వచ్చిన నాగ్ అశ్విన్ సినిమా ‘కల్కి 2898 ఏడీ’లో కాశీలో గంగ ఎండిపోతుంది. నీళ్లు, పచ్చదనం అన్నీ ఆకాశంలో వేలాడే ‘కాంప్లెక్స్’లో ఉంటాయి, డబ్బున్నవాళ్లకే ప్రవేశం. డబ్బున్న ఇల్లు ప్లాంటు నుంచి శుద్ధి చేసిన నీటి టిన్ను కొనుక్కుని, లేని ఇల్లు బోరింగు కొట్టుకునే ఏ ఊరివాళ్లకైనా ఆ ఊహ కొత్తగా తోచదు.

లవ్‌క్రాఫ్ట్ కథ చెప్పేవాడు జలాశయం కోసం కొలతలు తీయడానికి వచ్చిన సర్వేయరు. ఆ విషపు నేల మీద నిలిచే నీళ్లు తాను మాత్రం తాగనంటాడు. పొదిలి పల్లెలు ఎదురుచూసింది మాత్రం జలాశయాల నీళ్ల కోసమే. నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లు కొంత ఆదుకున్నాయి. శ్రీశైలం వెనుక జలాల నుంచి నల్లమల కొండల కింద ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్ల పొడవున జంట సొరంగాలు తవ్వే వెలిగొండ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. రాయిని దొలిచే భారీ యంత్రాలతో సాగిన ఆ పనిలో రెండో సొరంగం తవ్వకం 2024కు గాని పూర్తికాలేదు. ఆ ఏడాది మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేసేనాటికి ముంపు గ్రామాల పునరావాసం ఇంకా మిగిలే ఉంది.