స్టెప్నీ ఉన్నంత మాత్రమున చాలునా?

జర్మనీ దేశమున వోక్స్‌వాగన్ సంస్థ 1950లో ఆరంభించిన టైప్ 2 వ్యానులు పెక్కు, వంటకును పడకకును వసతి గల కాంపర్ వ్యానులుగా మార్చబడినవి. యూరపు రహదారులపై అవి నేటికిని కానవచ్చుచున్నవి. పాత చక్రమొకటి కొని స్టెప్నీగా ఉంచుకొనుట వాటి యజమానులకు పరిపాటి. అది సరిపోవునో లేదో తెలియునది మాత్రము తరచుగా టైరు పంక్చరైన రాత్రియే.

రెండవ తరము వ్యాను 1967లో వచ్చినది. చూపునకు దాని 1970, 1971 నమూనాలు ఒక్కటే, చక్రములు వేరు. రెండింటికిని బోల్టు రంధ్రములు 5. అయినను ఆ రంధ్రముల కేంద్రములమీదుగా గీసిన వలయపు వ్యాసము 1970 నమూనా వరకు 205 మిల్లీమీటర్లు, ఆపైన 112 మాత్రమే. రంధ్రములు బేసి సంఖ్యలో నుండుటచే ఒకదాని కెదురుగా మరొకటి యుండదు. వ్యాసమును నేరుగా కొలువలేము. ప్రక్కప్రక్క రంధ్రముల కేంద్రముల నడిమి దూరము కొలిచిన చాలును. పాతదానికి సుమారు 120, క్రొత్తదానికి 66 మిల్లీమీటర్లుండును.

రంధ్రములు కుదిరినను పని ముగియలేదు. బోల్టు గాని నట్టు గాని చక్రమునకు ఆనెడి అంచు కంపెనీ చక్రములకు బంతివలె గుండ్రన. బయట కొన్న అల్లాయ్ చక్రములు పెక్కింటికి గరాటువలె ఏటవాలు. గరాటు అంచును గుండ్రని గుంటలో బిగించినచో సన్నని గీతమేర మాత్రమే ఆనును. ఎంత బలముగా త్రిప్పినను ప్రయాణమున వదులు కావచ్చును. కడచీల ఊడిన యెడ్లబండి గతి రైతులకు మేము చెప్పనక్కరలేదు.

అల్లాయ్ చక్రములు వేసి ఉక్కు స్టెప్నీ ఉంచుకొన్నవారు, దానికి తగిన బోల్టులను సంచిలో కట్టి దానితోనే ఉంచవలెను. ఇంటివద్దనే స్టెప్నీని ముందొకసారి, వెనుకొకసారి బిగించి, చేతితో త్రిప్పి చూచుట మంచిది. దారిలో చక్రము మార్చినచో కొంతదూరము నడిపిన పిదప బోల్టులను మరల బిగించవలెను.