స్పోర్ట్స్ కారుకి కంపెనీ వీల్స్ తిరిగి వేస్తే ఏం మారుతుంది? నా ఎస్2000 కథ

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, అల్లాయ్స్ మారిస్తే కారు నిజంగా మారుతుందా, లేక ఉత్త లుక్కేనా?" మారుతుంది. మంచికీ మారుతుంది, చెడుకీ మారుతుంది. నేనైతే వీల్ ఊడేదాకా తెచ్చుకున్నా. అది కూడా చెప్తా, ఆగండి.

జాబ్ చేసే రోజుల్లో ఆన్‌సైట్ మీద డల్లాస్‌లో ఉన్నప్పుడు 2006 మోడల్ హోండా ఎస్2000 సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. 1999 నుంచి 2009 దాకా తయారైన కారు ఇది. రెండే సీట్లు, ఇంజిన్ ముందు, పవర్ వెనక చక్రాలకి. పాత ఓనర్ 18 అంగుళాల బయటి వీల్స్ వేయించాడు. చూడ్డానికి అదిరిపోయేది. కానీ గంటకి 65 మైళ్లు దాటితే స్టీరింగ్ సన్నగా వణికేది. రోడ్డు మీద చిన్న గాడి ఉన్నా బండి అటే లాగేసేది. బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించా, తగ్గలేదు.

అసలు కారణం వీల్ మధ్యలో ఉండే కన్నం. హోండా వీల్‌కి అది 64.1 మిల్లీమీటర్లు, హబ్ మీద టైట్‌గా కూర్చుంటుంది. బయటి కంపెనీలు పది రకాల కార్లకి పనికిరావాలని కన్నం పెద్దగా పెడతాయి. నా వీల్స్‌కి 73.1 ఉంది. మధ్యలో ఆ ఖాళీకి ఒక రింగ్ వేయాలి. విప్పి చూస్తే ముందు ఎడమ వీల్‌కి రింగే లేదు. అంటే వీల్‌ని సరిగ్గా మధ్యలో పట్టుకునేవి ఉత్త నట్లే. వెంట్రుక వాసి పక్కకి కూర్చున్నా హైవే మీద వణుకు మొదలు.

గాడిలోకి లాగడానికి కారణం వేరే, ఆఫ్‌సెట్. రిమ్ మధ్యగీత నుంచి, హబ్‌కి ఆనే ముఖం ఎంత బయటి వైపు ఉందో ఆ లెక్క అన్నమాట. ఒరిజినల్ ముందు వీల్ 7 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 55. నా బండికి ఉన్నది 8 అంగుళాలు, ఆఫ్‌సెట్ 45. పది పాయింట్లు తగ్గితే వీల్ 10 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. వెడల్పు వల్ల ఇంకో 12.7. మొత్తం బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికి వచ్చేసింది. స్టీరింగ్ తిరిగే ఇరుసు నుంచి టైరు అంత దూరం జరిగితే, రోడ్డు చేసే ప్రతి తోపుడుకీ పట్టు పెరుగుతుంది. బేరింగ్ మీద భారం కూడా పెరుగుతుంది.

అందుకే ఒరిజినల్ 17 అంగుళాల సెట్ వెతికి కొన్నా. ముందు 215/45, వెనక 245/40. ఇంట్లో బరువు చూసుకునే మెషిన్ మీద పెట్టి చూస్తే, బయటి వీల్ టైరుతో కలిపి ఒక్కోటి రెండు కిలోల పైనే ఎక్కువ. "రెండు కిలోలేగా" అనకండి. చక్రం ముందుకి కదలడమే కాదు, తిరగాలి కూడా. రిమ్ అంచున ఉన్న కిలో, స్పీడ్ అందుకునేటప్పుడు సీట్లో ఉన్న కిలోన్నర లెక్క. పైగా స్ప్రింగు కింద ఉండే బరువు కాబట్టి గుంతల్లో టైరు నేలని వదిలేస్తుంది. బయటివన్నీ బరువే అని కాదు, మంచి ఫోర్జ్‌డ్ వీల్స్ ఒరిజినల్ కంటే తేలిక. నావి చవక క్యాస్ట్ సరుకు.

ఇప్పుడు అసలు కథ. శనివారం పార్కింగ్‌లో నేనే మార్చా. టార్క్ రెంచ్ పెట్టి 80 ఫుట్-పౌండ్లు, అంటే 108 న్యూటన్ మీటర్లు, టిక్ టిక్ మని అన్నీ బిగించా. నా రూమ్మేట్ వైజాగ్ వాడు. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని హైవే ఎక్కా. నలభై మైళ్ల తర్వాత ముందు నుంచి తక్ తక్ మని చప్పుడు. "ఒరేయ్, పక్కకి ఆపరా" అన్నాడు వాడు. ఆపి చూస్తే రెండు నట్లు చేత్తో తిరిగిపోతున్నాయి. పానా కూడా అక్కర్లేదు. కాళ్లలో వణుకొచ్చింది.

తప్పు నాదే. హోండా ఒరిజినల్ వీల్‌లో నట్ కూర్చునే గుంట బంతిలా గుండ్రంగా ఉంటుంది. బయటి వీల్స్‌కి ఎక్కువగా గరాటులా, కోన్ ఆకారం. బండితో వచ్చినవి కోన్ నట్లు, నేను వాటినే బంతి గుంటలో బిగించా. మర సైజు ఒకటే కాబట్టి ఎక్కేశాయి. రెంచ్ కూడా టిక్ అంది. కానీ ఆనింది సన్నటి అంచు మీదే. కాస్త తిరిగేసరికి అల్యూమినియం అక్కడ అణిగిపోయి నట్ వదులైంది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే కంపైల్ అయింది, రన్‌టైమ్‌లో పేలింది.

ఒరిజినల్‌కి తిరిగి వచ్చేటప్పుడు ఇంకోటి చూడండి. పాత రింగ్ తుప్పుతో హబ్‌కే అతుక్కుని ఉండొచ్చు. దాని మీద ఒరిజినల్ వీల్ పూర్తిగా ఆనదు. గీకి, తుడిచి, అప్పుడు ఎక్కించండి. 50 మైళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి టార్క్ చెక్ చేయండి.

సరైన నట్లు తెచ్చాక బండి వేరే బండి అయిపోయింది. ముందు 225/40 ఆర్18 టైరు వ్యాసం 637 మిల్లీమీటర్లు, ఒరిజినల్‌ది 625. వెనక 636 నుంచి 628కి తగ్గింది. అంటే గేరింగ్ ఒక శాతం పైన పొట్టిదైంది, పికప్ కాస్త చురుగ్గా అనిపించింది. మీటర్ కూడా ఆ మేరకు మారుతుంది. వీఎస్‌ఏ కంప్యూటర్ నాలుగు చక్రాల స్పీడు పోల్చుకుంటూ ఉంటుంది కాబట్టి ముందు వెనక నిష్పత్తి బాగా చెడగొట్టకూడదు.

మలుపుల్లో తేడా ఇంకా ముఖ్యం. వెనక భాగం చటుక్కున తిరిగిపోతుందని ఎస్2000కి పేరుంది. హోండా ముందు సన్న టైరు పెట్టింది ఊరికే కాదు. హద్దు దాటితే ముందు చక్రాలే మొదట జారాలని. ముందు మాత్రమే వెడల్పు చేస్తే స్టీరింగ్ షార్ప్ అవుతుంది, నిజమే. కానీ వెనక ముందే వదిలేస్తుంది. రేస్ ట్రాక్ వాళ్లు కావాలని అలా చేసుకుంటారు. వానలో ఆఫీసుకెళ్లే నాకు ఎందుకది?

18 అంగుళాల సెట్ మాత్రం అమ్మేశా. కొన్నవాడికి నాలుగు రింగులూ, కోన్ నట్లూ కవర్లో కట్టి మరీ ఇచ్చా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో టైరు పక్కగోడ మీద రాసిన అంకెలన్నీ చదవడం చూద్దాం. బై ఫ్రెండ్స్.