ఐసు పెట్టెలో శీలావతి

గువాహటిలో పనిచేసే రోజుల్లో బజారులో ఆంధ్రా శీలావతి చేప కనిపిస్తే ప్రాణం లేచివచ్చేది. పక్కింటావిడ మాత్రం కొననిచ్చేది కాదు: "ఇన్ని రోజులు లారీలో వచ్చిన చేపా? మందు కలిపే ఉంటారు!" 2018లో ఫార్మలిన్ భయంతో అస్సాంలో బయటి చేపలను కొన్నాళ్లు నిషేధించారు కూడా.

నిజానికి మంచి ఐసు ఉంటే మందుతో పనిలేదు. చేపను కుళ్లబెట్టేది ముఖ్యంగా బాక్టీరియా. చల్లటి సముద్రాల కాడ్ చేప మీద ఉండేవి చలికి అలవాటుపడ్డవి. ఐసులోనూ పెరిగి, సుమారు రెండు వారాల్లో చేపను పాడుచేస్తాయి. మన వెచ్చటి చెరువుల్లోవి చాలావరకు సున్నా డిగ్రీల దగ్గర ముడుచుకుపోతాయి. అందుకే మన చేప సాధారణంగా ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుంది.

అయితే పట్టిన వెంటనే ఐసు పడాలి. ఎండలో పోయిన తాజాదనాన్ని తర్వాత ఎంత ఐసు వేసినా తిరిగి తేలేం. పిల్లలూ, బజారుకెళ్తే మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి రావాలి.