దామగుండం కేంద్రం: కబురు నౌకలకు, ఆనవాలు శాస్త్రజ్ఞులకు

పూడూరు: మీడియం వేవ్ రేడియో విన్న పెద్దలకు ఈ సంగతి తెలుసు. పగలు ముల్లు ఎంత తిప్పినా దొరకని దూరపు స్టేషన్ పొద్దుగూకాక చక్కగా పలికేది. తప్పు రేడియోది కాదు. నేలకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ఉన్న గాలి పొరది. ఎండ వల్ల అందులో పుట్టే విద్యుత్ కణాలు ఆ అలలను మింగేస్తాయి. చీకటి పడితే పొర పలచబడి అలలకు దారి ఇస్తుంది.

మరీ తక్కువ పౌనఃపున్యం గల అలల తీరు వేరు. ఈ పొర వాటిని అద్దంలా తిప్పికొడుతుంది. నేలకూ పొరకూ నడుమ అవి వేల కిలోమీటర్లు సాగుతాయి. సముద్రపు నీటిలోకి కొన్ని మీటర్ల లోతు దిగుతాయి. అందుకే నౌకాదళం జలాంతర్గాములకు కబురు పంపడానికి వీటిని వాడుతుంది. తిరునెల్వేలి జిల్లాలోని ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ 1990 నుంచి ఈ పని చేస్తున్నది. రెండో కేంద్రానికి మన దామగుండం అడవిలో 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు.

కబురు రహస్యమే గాని అల రహస్యం కాదు. కట్టబొమ్మన్ అల సెకనుకు 18,200 సార్లు కంపిస్తుంది. రాగి తీగ చుట్టిన ఏరియల్, చిన్న యంత్రం ఉంటే దాని బలం కొలవవచ్చు. సూర్యునిపై మంట ఎగసినప్పుడు ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల్లో భూమిని చేరతాయి. పైపొరలో కణాలు పెరిగి పొర కిందికి దిగుతుంది. వెంటనే అల బలం మారుతుంది. ఆ గీత చూసి శాస్త్రజ్ఞులు పైన జరిగిన అలజడిని పసిగడతారు. అలాంటి వేళ విమానాలు, ఓడలు వాడే షార్ట్ వేవ్ మూగబోతుంది కనుక ఈ లెక్కకు విలువ ఉంది.

2009 జూలై 22న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఆనాడు కోల్‌కతా శాస్త్రజ్ఞులు దేశంలో పలుచోట్ల యంత్రాలు పెట్టి కట్టబొమ్మన్ అలను కొలిచారు. చంద్రుని నీడ పడగా పొర ఎలా మారిందో ఆ అలే చెప్పింది.

దామగుండం అల మొదలైతే ఆకాశాన్ని చదవడానికి మరో ఆనవాలు దొరుకుతుంది. అయితే కేంద్రానికి ఇచ్చినది సుమారు 2,900 ఎకరాల అడవి. చెట్లు, మేత, రామలింగేశ్వర స్వామి గుడి దారి ఏమవుతాయన్నది చుట్టుపక్కల ఊళ్ల దిగులు. పైపొర లెక్క యంత్రం చెబుతుంది. నేల మీది ఈ లెక్క మాత్రం అధికారులే ఊళ్లకు వచ్చి చెప్పాలి.